అయిదుగురూ సరేనంటేనే

"సబ్బు పెట్టకు అసిరమ్మా!" అని భరణి గుమ్మంలోంచి కేక పెట్టేసరికే ఆలస్యమైపోయింది. బకెట్లో ముంచిన సంచి మీద పసుపు మరకకి నురగ తగలడమేమిటి, అది ఎర్రబడిపోవడమేమిటి, అంతా రెప్పపాటులో జరిగిపోయింది. కిళ్ళీ ఉమ్మినట్టు ఎర్రగా, సంచి మీద చెయ్యంత మేర.

"ఓలమ్మో! ఇదేటమ్మా ఇలగైపోనాది!" అసిరమ్మ సంచిని బకెట్లోనే వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో నీకు తెలీదూ? సబ్బూ అంతే. ఇంకెన్ని తడిపావు?"

"ఇదొక్కటే అమ్మా, లెక్కకి మించి కుట్టినది. నా బిడ్డ మీద ఒట్టు."

భరణి షెడ్డులోకి చూసింది. నెల్లిమర్లలో మామగారి కొట్టు వెనకాల ఉన్న ఆ రేకుల షెడ్డే ఈ నాలుగేళ్ళుగా ఆమె లోకం. అందులో ఎనిమిది కుట్టు మిషన్లు, ఎనిమిదిమంది ఆడవాళ్ళు, గోడ వారగా దొంతర్లు పెట్టిన రెండువందల యాభై గోగునార సంచులు. ప్రతి సంచికీ ముందువైపు, కుడి మూలన, అర్ధరూపాయి బిళ్ళంత పసుపు. పసుపు నడుమ కుంకుమ. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పిపోలేదు.

ఆ ఘనకార్యం చేసిన మనిషి మూల పీట మీద కూర్చుని వేళ్ళకంటిన పసుపు గోటితో గీరుకుంటోంది. ఆవిడ భరణి అత్తగారు, అప్పలనరసమ్మ.

భరణి పొద్దున్నే మొదటి బస్సుకి విజయనగరం వెళ్ళింది. సంచులకి కట్టే కార్డులు ప్రెస్సులోంచి తెచ్చుకుని పదింటికల్లా తిరిగొచ్చింది. ఈ నాలుగు గంటల్లోనే ఇల్లు ఇలా అయింది.

"అత్తయ్యా, ఏం చేశారో మీకు తెలుస్తోందా?"

"ఏటి సేసినానే? కొత్త సరుకు గుమ్మం దాటితే బొట్టెట్టొద్దా? మా అత్త సేసింది, నాను సేసినాను. మొదటి గోనె బస్తా బండెక్కినా బొట్టెట్టే పంపుతాం. ఇది అయిదు దేశాలోళ్ళ సేతికెళ్ళే సరుకాయె! ఉత్తి మొహంతో పంపించమంటావేటి?"

భరణి గోడవైపు తిరిగింది. అక్కడ అతికించిన ఆర్డరు కాగితం అనవలసినదంతా ఎప్పుడో అనేసింది. విశాఖపట్నంలో రేపు మొదలయ్యే 2016 బ్రిక్స్ (బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా) పట్టణాల సదస్సుకి వచ్చే ప్రతినిధుల కోసం సంచులు. ఏ మతం గుర్తూ, ఏ పార్టీ రంగూ ఉండరాదు. ఉంటే సరుకు మొత్తం వాపసు. భరణి సంతకం కూడా ఉంది కిందే.

ఆ నియమంలో తప్పు పట్టడానికేమీ లేదు. అయిదు దేశాలు, వాటిలో ఎన్నో రకాల దేవుళ్ళు, దేవుడే వద్దనే వాళ్ళు. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని పెట్టిన షరతు.

వాపసు వస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. పదకొండు రోజుల కిందట మామగారు నగరేశ్వరరావు అన్నం ముందు కూర్చుని తేల్చి చెప్పేశాడు. ఈ ఆర్డరు తిరిగొస్తే దసరా నుంచి షెడ్డు ప్లాస్టిక్ కవర్ల గోడౌను, మిషన్లు తూకానికి. ఆ పూట భరణి ఎదురు మాట్లాడింది. ఆనాటి నుంచీ ఆయన కోడలితో నేరుగా మాట్లాడడం మానేశాడు.

వ్యాను మూడింటికి వస్తుంది. ఇంకా అయిదు గంటలు.

"జేబు కుట్టేద్దాం," అంది భరణి ఉన్నట్టుండి.

"ఏటి జేబు?"

"బొట్టు మీద చిన్న జేబు. పేరు కార్డు పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఎనిమిది మిషన్లు, మనిషికి ముప్ఫై చిల్లర. కుట్టేయగలం అసిరమ్మా!"

ముక్క ఎంతుండాలో సంచి మీద వేళ్ళతో కొలిచి చూపించింది. అయిదు నిమిషాల కిందట అంతా అయిపోయిందనుకున్న మనిషి, ఇప్పుడు చెప్పుల్లో కాలు నిలవక తిరుగుతోంది.

"గుడ్డేదమ్మా? మన తాను నిన్ననే అయిపోనాది గదా," అంది అసిరమ్మ.

గుడ్డ ఉంది. కొట్లో, మామగారి కుర్చీ వెనకాల, తాడు కట్టి నిలబెట్టిన గోనెగుడ్డ తాను.

*

భరణి గుడ్డ అడుగుతున్నంతసేపూ నగరేశ్వరరావు పేపరు దించలేదు. అంతా విన్నాడు. విని, పక్కనే ఉన్న కొడుకుతో అన్నాడు.

"ఒరే విజయ్, ఆవిడతో సెప్పు. ఆ తాను గజపతినగరం జగన్నాధానికి ఇస్తానని మాటిచ్చీసినాను. సాయంత్రం ఆడి మనిషొస్తాడు."

విజయ్‌కుమార్ భార్య వైపు చూశాడు. "నాన్న..."

"వినబడిందండీ. నాకు చెవుడు లేదు. మావయ్యగారితో చెప్పండి. జగన్నాధంగారు రేపటిదాకా ఆగగలరు. వ్యాను ఆగదు."

"ఆవిడతో సెప్పు. మాటంటే మాటే. దీనికి ఆ అయిదు దేశాలోళ్ళనీ అడ్డమెట్టకమను. ఆళ్ళు కలిస్తే ఏటి, కలవకపోతే ఏటి? చైనావోడికీ మనకీ సరిహద్దు కాడ పొత్తు కుదరదు. వోటళ్ళో మాత్రం పక్కపక్కన కూకుని ఫోటోలు."

మధ్యలో నిలబడ్డ విజయ్‌కుమార్ మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మాట అటునుంచి ఇటు మోసేలోపే ఇటునుంచి అటు ఇంకోటి వెళ్ళిపోతోంది.

"అదే కదా గొప్ప!" అంది భరణి. "తగువున్నవాళ్ళే ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నారు. లోకంలో ప్రతి పదిమందిలో నలుగురు ఆ అయిదు దేశాల వాళ్ళే. ఇన్నాళ్ళూ ఎక్కువ డబ్బు పెట్టినవాడి మాటే చెల్లే బ్యాంకుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు సొంతంగా బ్యాంకు పెట్టుకున్నారు. అయిదుగురికీ సమానం వాటా, సమానం ఓటు. చైనాకి ఎంతో దక్షిణాఫ్రికాకీ అంతే. వద్దని తోసెయ్యడానికి ఏ ఒక్కరికీ ప్రత్యేకం హక్కు లేదు."

పేపరు దిగింది.

"అందరూ పెద్దలే అయితే తగువు తీర్సేదెవులు? నలభయ్యేళ్ళు యాపారం సేసినాను నాను. సమానం పొత్తులు ఎన్ని సూణ్ణేదు! ఒకడు తూరుపంటే ఒకడు పడమరంటాడు. కొట్టు మూతపడతాది. నువ్వే సెప్పు, అవునా కాదా?"

అన్నాక ఆయనకి తెలిసింది, నేరుగా కోడలినే అడిగేశానని. భరణికీ తెలిసింది. ఇద్దరూ ఒక్క క్షణం తడబడ్డారు. పదకొండు రోజుల మౌనం అంత చవగ్గా పోయినందుకు ఆయనకి లోపల కొంచెం ఉక్రోషంగా కూడా ఉండి ఉండాలి.

"మూతపడనూవచ్చు మావయ్యా," అంది భరణి మెల్లగా. "వాళ్ళకి అన్నీ కుదిరాయని నేననను. కానీ అడుగుతున్నారు, అయిదుగురినీ. మనింట్లో ఎప్పుడైనా ఎవరినైనా అడిగారా? ఇవాళ అడుగుదాం. గుడ్డ వాడాలా, వద్దా. మీరు, అత్తయ్య, ఈయన, నేను. షెడ్డు తరఫున అసిరమ్మ. సరిగ్గా అయిదుగురం. సమానం ఓటు."

"నా గుడ్డకి నాను వోటెయ్యాలా?"

"వెయ్యండి. ఓడిపోతానని భయమా?"

అది అనకూడని మాట. షావుకారుతనం మీద పడింది. నగరేశ్వరరావు కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పిలు ఆళ్ళని."

*

అసిరమ్మకి స్టూలు వేస్తే కూర్చోలేదు. "సావుకారు ముందర నానెన్నడూ కూకోనేదమ్మా," అంది. భరణి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. అంచు మీద, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంది. గోగు చేలో పుట్టి, చెరువులో గోగు కట్టలు ఊరబెట్టి నార తీసి పెరిగిన మనిషి. తన సరుకు గురించి తన మాట అడగడం ఇదే మొదలు.

"వద్దు," అన్నాడు నగరేశ్వరరావు. "మాటిచ్చినాను."

"వాడాలి," అంది భరణి.

"నాను..." అసిరమ్మ షావుకారు మొహం వంక చూడకుండా నేలని చూసి చెప్పింది. "వాడాల బాబూ. ఎనిమిది ఇళ్ళలో పొయ్యి ఆ సెడ్డు మీదే ఎలుగుతన్నాది."

అప్పలనరసమ్మ వంతు వచ్చింది. భరణి అత్తగారి వైపు ధైర్యంగానే చూసింది. చేసిన పొరపాటు సర్దుకోవడానికే కదా ఇదంతా.

"వద్దు," అంది అప్పలనరసమ్మ.

"అత్తయ్యా!"

"పెట్టిన బొట్టు మూసీడమేటే? సెరిపీసినా ఒకటే, మూసీసినా ఒకటే. మంచిదేటి అది? నీ సంచులు పోతే నాకూ బాధే. అయినా నా సేత్తో నాను మూయించను."

రెండు, రెండు. ఇక విజయ్‌కుమార్.

పెళ్ళయిన నాలుగేళ్ళలో తండ్రి ఎదుట అతను అన్న పెద్ద మాట "అలాగే నాన్నా". భరణికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. భర్త ఇప్పుడూ ఆ రెండు మాటలే అనేస్తాడనుకుంది. మిషన్లు అప్పుడే ఎవరో తూకానికి ఎత్తుకుపోతున్నట్టు కనిపించింది.

విజయ్‌కుమార్ కదిలాడు. తండ్రి కుర్చీ వెనక్కి వెళ్ళాడు. తాడు విప్పాడు. తాను భుజానికెత్తుకున్నాడు.

"ఏట్రా, నోటితో సెప్పవేటి?" అన్నాడు నగరేశ్వరరావు.

"జగన్నాధం బాబాయికి నేను ఫోన్ చేసి చెప్తాను నాన్నా," అని షెడ్డులోకి నడిచాడు.

భరణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ ఒక్కదానికీ తీరిక లేదు. పరిగెత్తింది.

*

షెడ్డు ఊగిపోయింది. ఎనిమిది మిషన్ల తొక్కుడు చప్పుడుకి పైన రేకులు గలగలలాడాయి. ఒకావిడ సూది విరిగింది, ఇంకొకావిడ తన డబ్బాలోంచి తీసి విసిరింది. భరణి కత్తెరతో గోనెగుడ్డ కోస్తోంది. గోనె మాట వినే గుడ్డ కాదు. నాలుగు ముక్కలు కోస్తే నాలుగూ నాలుగు రకాలుగా వచ్చాయి, అంచులు పోగులు పోగులుగా ఊడిపోయాయి.

"అలగ కాదు."

గుమ్మంలో మామగారు.

"పోగు లాగి కొయ్యాల. ఇలగియ్యి." చాప మీద చతికిలబడి, గుడ్డ అంచున ఒక్క పోగు గోళ్ళతో పట్టుకుని సుతారంగా లాగాడు. పోగు ఊడి వచ్చినచోట గుడ్డ మీద తిన్నని సందు పడింది. దాని వెంట కత్తెర పోనిచ్చాడు. గీత గీసినట్టు తెగింది. "సూసినావా? వోటు వోటే. అలాగని గుడ్డ పాడుసెయ్యమని ఎవులూ వోటెయ్యనేదు."

జగన్నాధం నుంచి ఫోనొస్తే ఆయనే ఎత్తాడు. "రేపిస్తాను తమ్ముడూ. ఏటి సెయ్యమంటావు, మా ఇంట్లో వోటు పెట్టినారు, ఓడిపోనాను," అన్నాడు. అవతల జగన్నాధం నమ్మలేదు కాబోలు, ఇంకో రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

అప్పలనరసమ్మ మాత్రం మూల పీట మీంచి కదల్లేదు. భోజనానికి పిలిస్తే రాలేదు. భరణి మంచినీళ్ళిస్తే తాగి గ్లాసు పక్కన పెట్టింది.

మూడింటికి పది నిమిషాలుండగా ఆఖరి సంచి మిషను మీంచి దిగింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా హోయ్‌మన్నారు. అసిరమ్మ ఆ సంచిని భుజానికి తగిలించుకుని షెడ్డంతా ఒక చుట్టు తిరిగింది, తనే విశాఖపట్నం సదస్సుకి వెళ్తున్నంత దర్జాగా.

*

వ్యానుతో వచ్చిన సదస్సు ఆఫీసరు మురళీమోహన్ ముప్ఫై ఏళ్ళవాడు. రెండు రాత్రులుగా నిద్ర లేని మొహం, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. సంచి తీసి తిప్పి చూశాడు. మొహం విప్పారింది.

"బాగున్నాయండీ! ఈ జేబు ఏమిటి, నమూనాలో లేదే? ఎందుకు కుట్టారు?"

భరణి జవాబు పొద్దున్నుంచీ నోట్లోనే పెట్టుకుని ఉంది. పేరు కార్డు కోసం సార్. అంతే. నోరు తెరిచింది.

"బొట్టు మూసీడానికి బాబూ," అంది వెనక నుంచి అప్పలనరసమ్మ.

విజయ్‌కుమార్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇంటికొచ్చిన మనిషికి అబద్ధం సెప్పి సరుకు పంపితే అది మనకి అచ్చిరాదు," అంది ఆవిడ. గొంతులో పంతం లేదు. తప్పు ఒప్పుకుంటున్నట్టుంది.

మురళీమోహన్ జేబు అంచున రెండు కుట్లు విప్పి లోపలికి చూశాడు. "కాగితం చదివే సంతకం చేశారు కదా మేడమ్?"

"చదివాను సార్. తప్పు మాదే. కానీ ఆవిడ పూజకని పెట్టలేదు. ఊరి సరుకు పొలిమేర దాటుతోందని సంబరంతో పెట్టింది."

"నాకు తెలీకపోతే అది వేరు. ఇప్పుడు తెలిసింది. రేపెవరైనా జేబు విప్పి చూస్తే నా ఉద్యోగం పోతుంది." తల పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తాడు. "ఒక్కటే దారి. అక్కడ ఏర్పాట్లు చూసుకోవడానికి దేశానికొకరు చొప్పున అయిదుగురు ఉన్నారు. అనుకున్నదాంట్లో ఏ మార్పు ఉన్నా వాళ్ళనడగాలి. అయిదుగురూ సరేననాలి. నలుగురన్నా చాలదు."

"మరి ఓటు?" అన్నాడు నగరేశ్వరరావు, కొత్తగా నేర్చుకున్న ముచ్చటతో.

"బ్యాంకులో ఓట్లేమోగానీ, మామూలుగా వీళ్ళు కూర్చున్నచోట ఓటుండదండీ. అందరూ ఒప్పుకుంటేనే పని. ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆగిపోతుంది."

మా ఇంటికంటే కష్టమన్నమాట అనుకుంది భరణి.

సంచికి ఫోటో తీశాడు. విప్పిన జేబు, లోపలి బొట్టు, అన్నీ కనబడేలా. కింద, ఇది ఊరివాళ్ళ దీవెన అని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసి అయిదుగురికీ పంపాడు. అందరూ అతని ఫోను చుట్టూ మూగారు.

మొదట బ్రెజిల్ ఆవిడ. మురళీమోహన్ తెలుగులో చదివి వినిపించాడు. "మా అమెజాన్ ఒడ్డున కూడా ఇలాంటి నారే నీళ్ళలో ఊరబెట్టి తీస్తారు. సంచి చూస్తే మా ఊరు గుర్తొచ్చింది. సరే."

"అక్కడా గోగేనా!" అసిరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మరి ఆళ్ళకీ సేతులు పాసిపోతాయి గావాల, నీళ్ళలో నానబెట్టి!"

రష్యా నుంచి ఒక్కటే ముక్క. సరే.

దక్షిణాఫ్రికా ఆయన ప్రశ్న అడిగాడు. దీవెన అయితే మూయడం దేనికి? మా వైపు నుంచి అభ్యంతరం లేదు. అది వినగానే అప్పలనరసమ్మ పీట మీంచి లేచి నిలబడింది. "సూసినావా! దూరాభారం మనిషికి తెలిసినాది!" అంది కోడలితో.

చైనా దగ్గర ఆగింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నగరేశ్వరరావు "నాను సెప్పనేదేటి," అని గొణిగాడు. అంతలో మోగింది. రంగు కాగితాలకి అంటుతుందా అని అడిగారు.

"యాపారస్తుడు!" అన్నాడు నగరేశ్వరరావు. అందులో మెచ్చుకోలు దాగలేదు.

విజయ్‌కుమార్ బిల్లు పుస్తకంలోంచి తెల్లకాగితం చింపి వేరే సంచి జేబులో పెట్టాడు. అసిరమ్మ ఆ సంచిని పట్టుకుని బలంకొద్దీ ఆడించింది. కాగితం తీసి వెలుతురుకి పెట్టారు. గోనె పీచు అంటిందే గానీ పసుపు మరక లేదు. ఎండిన బొట్టు ఎండినచోటే ఉంది. ఫోటో వెళ్ళింది.

సరే అని వచ్చింది.

"నాలుగు!" భరణి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది, మామగారి ఎదుటే. ఎవరూ పట్టించుకోలేదు.

"ఇంకెవులు మిగిలినారు బాబూ?" అంది అసిరమ్మ.

మురళీమోహన్ ఫోను వైపే చూస్తూ అన్నాడు. "మనవాళ్ళేనండీ."

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. నాలుగు దేశాలు ఒప్పుకున్నాక మన దేశమే ఆలోచిస్తోంది. ఆతిథ్యం ఇచ్చేవాళ్ళం మనమే, బొట్టు మన సంచి మీద ఉంటే ఎవరేమనుకుంటారో అని వాళ్ళ భయం కాబోలు.

ఫోను మోగింది. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి. మురళీమోహన్ నిలబడి విన్నాడు. జీ సార్, జీ సార్ అన్నాడు. తర్వాత ఫోను స్పీకరులో పెట్టి అప్పలనరసమ్మ ముందు చాపాడు.

"బొట్టు పెట్టినావిడతోనే మాట్లాడతారట."

"ఆయనకి తెలుగొచ్చునా?"

"రాదండీ."

"నేను హిందీలో చెప్తాను అత్తయ్యా," అంది భరణి. ఆమెకొచ్చిన హిందీ అంతంత మాత్రమే. దానిమీదే ఇప్పుడు ఎనిమిది మిషన్లూ నిలబడి ఉన్నాయి.

అవతల గొంతు మర్యాదగానే అడిగింది. ఇది ఏ దేవుడి గుర్తు?

భరణి ఆ మాట అత్తగారికి తెలుగులో చెప్పింది. అప్పలనరసమ్మ పసుపు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఫోనుకి మరీ దగ్గరగా వంగి, పక్కింటివాడిని అడిగినట్టు అడిగింది.

"బాబూ, నువ్వు మొట్టమొదట పరీక్షకి ఎళ్ళిననాడు, గుమ్మం కాడ మీయమ్మ నీ నుదుట్న ఏటెట్టినాది?"

భరణి ఫోనుకి దగ్గరగా జరిగింది. ఒక్కొక్క ముక్కే వెతుక్కుంటూ, తప్పులతోనే, ఆ ప్రశ్నని హిందీలో అవతలికి దాటించింది.

లైను తెగలేదు. దూరంగా ఎవరివో మాటలు, హోటల్లో కప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. వ్యాను డ్రైవరు బయట ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి," అన్నాడాయన ఆఖరికి. గొంతు మారింది. అది సరేనన్న గొంతో, కుదరదనబోయే గొంతో భరణికి అంతుపట్టలేదు, ఇంకో ఫోనులో ఆయన హిందీలో వాళ్ళమ్మని పిలిచి, ఆనాటి బొట్టు గురించి నవ్వుతూ అడగడం వినబడేదాకా.